పరదేశములో పిల్లవాని చేయి విరిగిననాడు

ఆడుకొనని పిల్లలుండరు, ఆడుచు పడని పిల్లలును ఉండరు. మన ఊరిలో పిల్లవాడు పడి చేయి విరుగగొట్టుకొన్నచో క్షణములో పదిమంది మూగుదురు. ఒకరు ఆటో పిలుతురు. ఒకరు డబ్బు సర్దుదురు. ఒకరు పొయ్యిమీది అన్నము సంగతి చూచుకొందురు. తాతగారు తామెరిగిన వైద్యునికి కబురు పంపుదురు. తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న చాలును. పరదేశములో కాపురముండు తల్లికి ఆ పదిమంది పనియు ఒక్కతెకే పడును. అచ్చటి వైద్యము గొప్పదే. కాని ఆ వైద్యులు అడుగు ప్రశ్నలకు అర్థమేమి, వారు పెట్టుమను సంతకమునకు ఫలితమేమి, ఇంటికి వచ్చిన పిమ్మట కనిపెట్టి ఉండవలసినదేమి అనునవి తెలియనిచో, గాయము బిడ్డకైనను గాబరా తల్లినే ముందుగా పడగొట్టును. ఈ సంగతులు ముందుగా తెలియక నేను పడిన బాధ మరియొకరు పడకుండవలెనని ఈ ప్రసంగము.

2016వ సంవత్సరము మే నెలలో మేము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో ఉండెడివారము. మా పిల్లవానికి అప్పుడు ఆరేండ్లు. మా వారు ఉద్యోగపు పనిమీద షికాగో వెళ్లియుండిరి. మధ్యాహ్నము పన్నెండున్నరకు బడి నుండి ఫోను వచ్చినది. “మీ అబ్బాయి ఆటస్థలములో పడినాడు. ఎడమ మోచేయి వంకరగా ఉన్నది. ఆంబులెన్సును పిలిచితిమి. మీరు రాగలరా?” అని బడిలోని నర్సు అడిగినది. బడి మా ఇంటికి నాలుగు వీధుల దూరము. నేను పరుగున పోవునప్పుడు చేతికందిన పెరుగన్నపు డబ్బాను, నీళ్ల సీసాను వెంట తీసికొని పోయితిని. ఏడ్చు బిడ్డకు ముందుగా నోటికేదైన అందించుట మన తల్లులకు పుట్టుకతో వచ్చిన గుణము. నేను సీసా మూత తీయగానే నర్సు నా చేయి పట్టుకొని, “ఇప్పుడేమియు ఇయ్యరాదు” అన్నది. ఆ మాట నాకు మొదట కఠినముగా తోచినది. అదియే ఆనాడు నేను నేర్చిన మొదటి పాఠము.

దాని కారణము చెప్పెదను. విరిగిన ఎముకను సరిచేయుటకు పిల్లవానికి మత్తుమందు ఇయ్యవలసి రావచ్చును. కడుపులో ఆహారమున్నచో, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. అందుచేత మామూలుగా అన్నమువంటి ఘనాహారము తిన్న తరువాత ఆరు గంటలైనను గడువనిచ్చి మత్తు ఇత్తురు. తల్లి జాలిపడి పెట్టిన నాలుగు ముద్దలు శస్త్రచికిత్సను నాలుగు గంటలు వెనుకకు నెట్టవచ్చును. కాబట్టి చేయి వంకరపోయినప్పుడు వైద్యుడు చూచి చెప్పువరకు పిల్లవాని నోట ఏమియు పెట్టకూడదు. కడపట ఏమి తిన్నాడో, ఎన్ని గంటలకు తిన్నాడో జ్ఞాపకముంచుకొని చెప్పవలెను. ఆస్పత్రిలో అడుగు మొదటి ప్రశ్నలలో ఇది ఒకటి.

మా పిల్లవాడు పడినది అడ్డముగా పరచిన ఇనుప నిచ్చెననుండి. పిల్లలు దాని మెట్లను ఒక్కొక్కటిగా చేతులతో పట్టుకొని, కోతులవలె వ్రేలాడుచు ఆ కొననుండి ఈ కొనకు వత్తురు. అచ్చటివారు దానిని మంకీ బార్స్ అందురు. ఇటువంటి ఆటపరికరములకు ఒక చిన్న చరిత్ర కలదు. షికాగో దగ్గరి విన్నెట్కాలో ఉండిన సెబాస్టియన్ హింటన్ అను న్యాయవాది, పిల్లలు ఎక్కి దిగుటకు తగిన ఇనుపగొట్టముల పందిరి ఒకటి కల్పించి 1923లో పేటెంటు పొందెను. ఆయన తండ్రి చార్లెస్ హింటన్ గణిత శాస్త్రవేత్త. జపానులో ఉండిన కాలమున ఆయన తన పిల్లలకు వెదుళ్లతో అటువంటి చట్రము కట్టించి, పొడవు, వెడల్పు, ఎత్తు అను దిక్కుల లెక్క నేర్పెనట. ఆ ఆట ప్రపంచమంతట వ్యాపించినది. దానితోపాటు పడుటయు వ్యాపించినది. అమెరికాలో ఏటా రెండు లక్షలకు మించిన పిల్లలు ఆటస్థలపు గాయములతో అత్యవసర విభాగములకు వచ్చుచున్నారని అచ్చటి ప్రజారోగ్య శాఖవారి లెక్క.

పిల్లవాడు ఎత్తునుండి పడునప్పుడు అప్రయత్నముగా చేయి చాచును. శరీరపు బరువంతయు ఆ చాచిన చేతిమీద పడి, మోచేయి వెనుకకు విరుచుకొనును. దండచేయి ఎముక మోచేతికి కొంచెము పైన వెడల్పై, మధ్యభాగమున మిక్కిలి పలుచనై ఉండును. ఐదేండ్లు మొదలు ఏడేండ్ల వరకు గల పిల్లలలో ఈ చోటు మరింత బలహీనము. అందుచేత ఆ వయస్సున మోచేతి దగ్గర విరుగు ఎముకలలో ఎక్కువ భాగము ఇచ్చటనే విరుగును. 1959లో గార్ట్‌లాండ్ అను అమెరికను వైద్యుడు ఈ విరుపును మూడు తరగతులుగా విభజించెను. ఎముక చిట్లియు స్థానము తప్పనిది మొదటిది. వంగియు వెనుకవైపు అంటుకొని ఉన్నది రెండవది. రెండు ముక్కలై ఒకదానినుండి ఒకటి తొలగిపోయినది మూడవది. మొదటి తరగతికి కట్టు చాలును. మూడవ తరగతికి శస్త్రచికిత్స కావలెను. మా పిల్లవానిది మూడవది.

ఈ విరుపునకు వైద్యులు ఇంత ప్రాధాన్యమిచ్చుటకు కారణము ఎముక మాత్రమే కాదు. ఆ ఎముకకు ముందువైపున, దానికి ఆనుకొనియే, ముంజేతికి రక్తము తెచ్చు పెద్ద ధమనియు, వ్రేళ్లను కదల్చు నరములును పోవుచున్నవి. ఎముక మొన ముందుకు పొడుచుకొని వచ్చినప్పుడు అవి నలుగవచ్చును, తెగవచ్చును. అందుచేతనే వైద్యుడు వచ్చీ రాగానే మోచేతిని చూడక మణికట్టును పట్టుకొనెను. నాడి అందుచున్నదా, వ్రేళ్లు వెచ్చగా ఉన్నవా, గోరు నొక్కి వదలిన వెంటనే ఎరుపు తిరిగి వచ్చుచున్నదా అని చూచెను. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని కలిపి సున్న చుట్టుమని పిల్లవానిని అడిగెను. నేను అదేదో ఆటలాడించుచున్నాడనుకొంటిని. ఆ సున్న చుట్టలేనిచో ఒక నరము దెబ్బతిన్నదని అర్థమట. మా వాడు సున్న చుట్టెను గాని, నాడి మాత్రము సన్నగా, దొరికీ దొరకనట్లుండెను. చేయి వెచ్చగనే ఉన్నది కనుక గంటలు లెక్కపెట్టుకొనుటకు వ్యవధి కలదనియు, రేపటివరకు ఆగుటకు మాత్రము వీలులేదనియు వైద్యుడు చెప్పెను.

ఇక పడినచోట చేయవలసినది. చేయి ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఉంచవలెను. దానిని లాగి సరిచేయ యత్నింపరాదు, నూనెతో రుద్దరాదు. ఒక దిండునో, మడిచిన వార్తాపత్రికనో బద్దవలె క్రింద ఆనించి, కదలకుండ వదులుగా కట్టవలెను. ఉంగరము, గాజు, దారము ఉన్నచో వాపు రాకముందే తీసివేయవలెను. తల క్రిందుగా పడినను, మెడ నొప్పియనినను, కొంతసేపైనను స్పృహ తప్పినను పిల్లవానిని లేపి కూర్చుండబెట్టక, ఉన్నచోటనే ఉంచి ఆంబులెన్సుకై వేచియుండవలెను. పిమ్మట మాటిమాటికి వాంతులైనను, మత్తుగా నిద్రలోనికి జారిపోవుచున్నను చేతి సంగతి తరువాత, తల సంగతి ముందు.

అమెరికాలో అత్యవసరమునకు పిలువవలసిన సంఖ్య 911. ఈ సంఖ్యతో మొదటి పిలుపు 1968లో అలబామా రాష్ట్రమున జరిగినది. పిలిచినప్పుడు ముందుగా ఉన్నచోటు చెప్పి, తరువాత జరిగినది చెప్పవలెను. కంగారులో మనము తరచు దీనిని తలక్రిందులు చేయుదుము. ఆంగ్లము రానివారు “తెలుగు” అను ఒక్క మాట చెప్పినను దుబాసీ కొరకు యత్నింతురు. డబ్బు భయముచేత ఆస్పత్రికి పోవుటకు జంకువారు కలరు. అది తగదు. 1986లో అచ్చట చేయబడిన చట్టము ప్రకారము, ప్రభుత్వపు వృద్ధాప్య బీమా సొమ్ము పుచ్చుకొను ఏ ఆస్పత్రియైనను తన అత్యవసర విభాగమునకు వచ్చిన రోగిని, డబ్బు ఉన్నదా లేదా, ఏ దేశస్థుడు అను విచారణ లేకుండ పరీక్షించి, ప్రమాదస్థితి గడచువరకు చికిత్స చేయవలెను. బిల్లు తరువాత వచ్చును. వైద్యము మాత్రము దానికై ఆగదు.

నన్ను మిక్కిలి బాధించినది ఆస్పత్రివారి ప్రశ్నల వరుస. “ఎట్లు పడినాడు?” అని నర్సు అడిగినది. అదే ప్రశ్న వైద్యుడు అడిగెను. మరికొంతసేపటికి ఎముకల వైద్యుడు వచ్చి అదే అడిగెను. నన్ను ప్రక్కకు పంపి పిల్లవానిని ఒంటరిగా అడిగిరి. వాని వీపు, కాళ్లు చూచిరి. నడుము క్రింద పుట్టుకతోనే ఉన్న నీలపు మచ్చను చూచి, “ఇదేమి?” అనిరి. నాకు ముఖము జేవురించినది. నా బిడ్డను నేనే కొట్టితినని వీరు తలచుచున్నారా అని గొంతు పూడుకొని వచ్చినది. కోపములో, నేను చూడనేలేదుగాని, చూచినట్లే జరిగినదంతయు కల్పించి చెప్పబోయితిని. అట్లు చెప్పియున్నచో పెద్ద పొరపాటయ్యెడిది. ఏలనన బడి నర్సు వ్రాసి పంపిన కాగితములో ఉన్నది వేరు.

ఈ ప్రశ్నల పుట్టుక తెలిసికొన్న తరువాత నా కోపము చల్లారినది. 1962లో డెన్వరు నగరమందలి హెన్రీ కెంప్ అను శిశువైద్యుడును ఆయన సహచరులును, ప్రమాదమని చెప్పి ఆస్పత్రికి తేబడు పిల్లలలో కొందరు నిజమునకు ఇంటివారి చేతి దెబ్బలు తిన్నవారని వైద్యపత్రికలో ప్రకటించిరి. దేశమంతయు కలవరపడినది. తరువాతి కొద్ది యేండ్లలోనే అన్ని రాష్ట్రములును చట్టములు చేసినవి. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు అనుమానము కలిగినచో అధికారులకు తెలుపక మానరాదు. ఎముక విరిగిన ప్రతి చిన్నవాని విషయములోను ఈ ప్రశ్నలడుగుట వారి వృత్తిధర్మము. అది మన రంగును చూచియో, మన చీరను చూచియో అడుగునది కాదు. నోరు లేని ఏదో ఒక పసివానిని కాపాడుటకై అందరు తల్లులను అడుగవలసి వచ్చుచున్నది.

కాబట్టి జవాబు చెప్పు పద్ధతి ఇది. చూచినది చూచినట్లు చెప్పవలెను. చూడనిది చూడలేదని చెప్పవలెను. తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెప్పకుండవలెను. మన పిల్లలలో చాలమందికి నడుము మీద, పిరుదుల మీద పుట్టుకతో వచ్చు నీలపు మచ్చలుండును. తెలియనివారికి అవి కమిలిన దెబ్బలవలె కనిపించును. వాటిని శిశువైద్యుని దస్త్రములో మొదటనే వ్రాయించి ఉంచుట మంచిది. ఇక మొలత్రాడు, తాయెత్తు సంగతి. శస్త్రచికిత్సకు ముందు శరీరము మీది లోహమంతయు తీసివేయుదురు. నర్సు కత్తెర తీయగా, “కత్తిరింపవద్దు, ముడి విప్పెదను” అని నేను బ్రతిమాలితిని. ఆమె ఏమియు అనక కత్తెర ప్రక్కన పెట్టి, నేను వణకు వ్రేళ్లతో ముడి విప్పువరకు నిలిచియున్నది. అడిగినచో మన ఆచారములను మన్నింతురు. అడుగకున్న వారికి తెలియదు.

భాష సంగతి మరియొకటి. నాకు ఆంగ్లము వచ్చును గాని, బాధలో వైద్యపు మాటలు చెవికెక్కలేదు. మా పిల్లవాడే వారి మాట నాకును, నా మాట వారికిని చెప్పబోయెను. వైద్యుడు వెంటనే ఆపి, “నీవు రోగివి, దుబాసీవి కావు” అని నవ్వి, ఫోనులో తెలుగు దుబాసీని పిలిపించెను. 2010 నాటి ఆరోగ్య రక్షణ చట్టము ప్రకారము, ప్రభుత్వ నిధులు పొందు ఆస్పత్రులు భాష రానివారికి అర్హతగల దుబాసీని ఉచితముగా ఏర్పాటు చేయవలెను. ప్రాణము మీదికి వచ్చినప్పుడు తప్ప పిల్లలచేత అర్థము చెప్పింపరాదు. ఎక్కడో కూర్చున్న ఆ పుణ్యాత్మురాలు ఫోనులో, “అమ్మా, కంగారుపడకండి, ఆయన చెప్పేది నేను ఒక్కొక్క మాటే చెబుతాను” అన్నప్పుడు, ఆనాడు మొదటిసారి నాకు కన్నీరు వచ్చినది. అంతవరకు ఏడ్చుటకైనను తీరిక లేకపోయెను.

తరువాత సమ్మతిపత్రము తెచ్చిరి. అందు రక్తస్రావము, నరములకు హాని, చీము పట్టుట, మత్తువలన కలుగు కీడు, మరణము అని వరుసగా వ్రాసియుండెను. మరణమను మాట చూచి నేను కలము క్రింద పెట్టితిని. మా వారు రానిదే సంతకము చేయలేనంటిని. తల్లిదండ్రులలో ఎవరు చేసినను చాలుననియు, ఆలస్యమువలన చేతికే ముప్పనియు వారు వివరించిరి. అరుదైన కీడులను సైతము ముందుగా చెప్పుట అచ్చటి న్యాయము. అవి తప్పక కలుగునని కాదు. నేను మూడు ప్రశ్నలడిగితిని. చేయకున్న ఏమగును? చేసినచో చేయి మునుపటివలె వచ్చునా? ఎంతసేపు పట్టును? ఏ తల్లియైనను అడుగవలసినవి ఈ మూడే. జవాబులు విని సంతకము చేసితిని. మా వారితో ఫోనులో చెప్పగా, “నీవు చేసినదే సరి” అనిరి.

చికిత్స ఇట్లుండును. మత్తులో చేతిని మెల్లగా లాగి, ఎక్స్‌రే తెరమీద చూచుచు ఎముక ముక్కలను స్థానమునకు తెత్తురు. మరల జారకుండ చర్మముగుండ రెండు మూడు సన్నని ఉక్కు తీగలను ఎముకలోనికి పోనిచ్చి, కొనలను బయటనే వంచి, పైన కట్టు వేయుదురు. సాధారణముగా కోయవలసిన పనియే ఉండదు. రాత్రి ఎనిమిదిన్నరకు లోనికి తీసికొని పోయిరి. బయట గోడకు ఆనుకొని నిలుచుండి, మన దేశములో ఇప్పుడు ఉదయము ఆరు గంటలు, అమ్మ తులసికోట దగ్గర ఉండునని తలచుకొంటిని. గంట దాటిన తరువాత వైద్యుడు వచ్చి, ఎముక కుదురుటతోనే నాడి చక్కగా అందినదని చెప్పెను. నలిగియుండిన ధమని విడివడినది.

ఆ రాత్రియే మిక్కిలి మెలకువతో ఉండవలసిన రాత్రి. ముంజేతి కండరములు గట్టి పొరల సంచులలో ఉండును. వాపు పెరిగినను, కట్టు బిగిసినను ఆ సంచులలో ఒత్తిడి పెరిగి రక్తప్రసారము ఆగును. కొన్ని గంటలలోనే కండరములు చచ్చి, తరువాత చేయి గద్దగోరువలె ముడుచుకొని పోవును. 1881లో వోల్క్‌మన్ అను జర్మను వైద్యుడు బిగుతు కట్టుల తరువాత కలుగు ఈ అవిటితనమును వర్ణించెను. నేటికిని అది ఆయన పేరనే పిలువబడుచున్నది. పెద్దలు నొప్పి ఎట్లున్నదో చెప్పగలరు. పిల్లలు చెప్పలేరు. మందు ఇచ్చినను ఊరడిల్లక ఏడ్చుట, ఊరక కలతచెంది పొర్లాడుట, నొప్పిమందు ముందటికంటె ఎక్కువ కావలసివచ్చుట, వ్రేళ్లను మెల్లగా చాపినను కెవ్వుమనుట ఇవియే గురుతులు. వ్రేళ్లు చల్లబడినను, పాలిపోయినను, మొద్దుబారినను అంతే. ఇవి కనబడినచో తెల్లవారువరకు చూతమనుకొనక ఆ క్షణమే వైద్యుని పిలువవలెను. “పిల్లవాడు పెంకితనము చేయుచున్నాడు” అని సర్దిచెప్పినను ఊరకుండరాదు. ఈ విషయమున తల్లి మొగమాటము పడకూడదు.

మరునాడు మా అత్తగారు ఫోను చేసిరి. మా అత్తవారిది పుత్తూరు ప్రాంతము. “అమ్మాయీ, పసివాడి ఎముకకు ఇనుప తీగలు గుచ్చడమేమిటే! పుత్తూరు కట్టు కట్టిస్తే నెలలో అతుక్కుపోయేది. వాడిని ఇక్కడికి పంపించండి” అని కంటతడి పెట్టిరి. పుత్తూరు కట్టు ఎంత పేరుపొందినదో నేనెరుగనిది కాదు. దక్షిణదేశమంతటినుండి జనము అచ్చటికి పోవుదురు. చిన్నపిల్లల ఎముకలు వంకరగా అతికినను పెరుగుదలలో సరియగునను మాటయు కొన్ని ఎముకల విషయమున నిజమే. మణికట్టు దగ్గర విరిగినవి అట్లు చక్కబడును. కాని దండచేయి ఎముక పెరుగుదలలో నూటికి ఎనుబది వంతులు భుజము కొనననే జరుగును. మోచేతి కొనన జరుగునది ఇరువది వంతులే. అందుచేత ఇచ్చట వంకరగా అతికినది వంకరగనే నిలిచిపోవును. పైగా ధమని నలిగిన చేతికి బిగుతైన బద్దకట్టు కట్టినచో చేతికే మోసము. ఈ సంగతి నేను చెప్పగా ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. వ్రేళ్లు కదల్చుచున్న మనుమని ఫోను తెరలో చూపగా, “సరే, నా తండ్రి చేయి కదులుతోంది, అంతే చాలు” అనిరి. దూరముననున్న పెద్దలకు వాదముకంటె బిడ్డ ముఖమే మేలైన సమాధానము.

మూడు వారములు దాటిన పిదప కట్టు విప్పి, మత్తు లేకుండగనే తీగలు లాగివేసిరి. ఆ సమయమున ఆస్పత్రిలో పిల్లలను ఊరడించుటకే నియమింపబడిన ఒక యువతి వచ్చి, బొమ్మ చేతికి తీగలు గుచ్చి, తీసి, మా వానికి చూపినది. ఈ వృత్తికి మార్గము వేసినవారిలో ఒకరు ఎమ్మా ప్లాంక్ అను ఆమె. 1955లో క్లీవ్‌లండు నగరపు ఆస్పత్రిలో ఆ పని మొదలుపెట్టినది. రానున్నది ముందుగా తెలిసినచో పిల్లల భయము సగమగునని వారి అనుభవము. “నొప్పి ఉండదు” అని అబద్ధమాడుటకంటె, “కొంచెము లాగినట్లుండును, పది లెక్కపెట్టులోపల అయిపోవును” అని చెప్పుటయే మేలు. మా వాడు తెలుగులో పది లెక్కపెట్టెను. ఏడు దగ్గరకు రాగానే అయిపోయెను.

కట్టు విప్పిన చేయి బిగుసుకొని ఉండును. చూచి దిగులుపడరాదు. నూనెతో మర్దన చేయుట, బలవంతముగా వంచి చాపుట మోచేతికి కూడదు. దానివలన కండరములలో ఎముకవంటి గడ్డలు కట్టి మరింత బిగియవచ్చును. పిల్లవానిని తన పనులు తాను చేసికొననిచ్చిన చాలును. అన్నము కలుపుకొనుట, చొక్కా తొడుగుకొనుట, నీటిలో ఆడుట ఇవియే వాని వ్యాయామము. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. మా వాని చేయి పూర్తిగా చాపబడుటకు ఆగస్టు నెల వచ్చినది.

ఇక బిల్లుల సంగతి క్లుప్తముగా చెప్పెదను. బీమా కంపెనీ మొదట పంపు కాగితముపై “ఇది బిల్లు కాదు” అని వ్రాసియుండును. అది చూచి డబ్బు పంపరాదు. ఆస్పత్రి బిల్లు వచ్చిన పిమ్మట రెంటిని సరిపోల్చి, అంశములవారీగా వివరము అడిగి, అప్పుడు చెల్లింపవలెను. మాకు మత్తుమందు వైద్యుడు మా బీమా పట్టికలో లేడని వేరుగా పెద్ద బిల్లు వచ్చినది; దానితో నెలల తరబడి ఉత్తరములు నడపితిమి. 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన జాతీయ చట్టము అత్యవసర చికిత్సలో ఇట్టి బిల్లులను చాలవరకు ఆపినది. కాని నేలమీది ఆంబులెన్సుకు ఆ రక్షణ వర్తింపలేదు. బీమా లేనివారు, చాలనివారు ఆస్పత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవలెను. ధర్మసంస్థలుగా నడచు ఆస్పత్రులకు అట్టి సహాయ నియమములు వ్రాతమూలకముగా ఉండితీరవలెనని చట్టము.

చేయి బాగుపడిన తరువాత నేను ఆ ఆటస్థలమునకు పోయి నేల చూచితిని. అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల రక్షణ సంఘము 1981 నుండి ఆటస్థలములకు మార్గదర్శక గ్రంథము ప్రకటించుచున్నది. గడ్డినేలయు, మట్టినేలయు పడువానికి రక్షణ కావు. కొయ్యపేళ్లయినచో అణగిన పిదప సైతము తొమ్మిది అంగుళముల మందము ఉండవలెను. ఆ మెత్తదనము పరికరము చుట్టు అన్ని వైపుల ఆరేసి అడుగులు పరచియుండవలెను. బడి పిల్లల అడ్డనిచ్చెన ఏడడుగుల ఎత్తు మించరాదు. మా బడిలో నిచ్చెన క్రింద పిల్లల కాళ్ల తాకిడికి పేళ్లు తొలగి మట్టి కనబడుచుండెను. మెత్తని నేల ముఖ్యముగా తలను కాపాడుటకేగాని, చేయి విరుగకుండ పూర్తిగా ఆపలేదు. అయినను తరువాత పడు పిల్లవాని తల సంగతి ఏమని నేను ఉత్తరము వ్రాసితిని. వారము తిరుగకుండ బండెడు పేళ్లు తెచ్చి పోసిరి. ఈ కొలతలు మన ఊళ్ల పార్కులకును పనికివచ్చును. సిమెంటు గచ్చు మీద జారుడుబల్లలు నిలుపుట మనము ఎన్నిచోట్ల చూచుట లేదు!

చివరగా ఒక మాట. పరదేశములో బిడ్డకు దెబ్బ తగిలినప్పుడు తల్లిని ఎముక నొప్పికంటె ఎక్కువగా కలచునది ఒక ప్రశ్న: “మేము ఈ దేశమునకు రాకున్న ఇది జరిగియుండునా?” ఆ ప్రశ్న నన్ను అనేక రాత్రులు వేధించినది. మామిడికొమ్మ నుండి పడినవాడు, మేడమెట్ల మీదినుండి జారినవాడు మన ఊరిలోను ఉన్నారు కదా! నిజమునకు లోపించినది దేశము కాదు. చుట్టు ఉండవలసిన పదిమంది. ఆ పదిమందిని ముందుగా సమకూర్చుకొనవచ్చును. బడి దస్త్రములో తల్లిదండ్రుల పేర్లతోపాటు ఇరుగుపొరుగున ఒక నమ్మకమైనవారి పేరు వ్రాయించుడు. బీమా కార్డు, పిల్లల టీకాల కాగితము, పడని మందుల పేర్లు ఒకే సంచిలో ఉంచుడు. దగ్గరలో పిల్లల వైద్యశాల ఏదో ఒకసారి చూచిరండు. మా ప్రక్కయింటి గుజరాతీ ముసలమ్మ, అంతకుముందు నేను పలుకరించి ఎరుగనిది, ఆ మూడు వారములు ప్రతి సాయంకాలము రొట్టెలు తెచ్చి ఇచ్చినది. ముందే పలుకరించియున్నచో ఆ మధ్యాహ్నము నేను ఒంటరిగా పరుగెత్తకపోవుదును.

సెప్టెంబరులో బడి తెరచిన మొదటి దినమున మా వాడు, “అమ్మా, ఆ నిచ్చెన ఎక్కనా?” అని అడిగెను. వైద్యుడు అనుమతి ఇచ్చియుండెను. వద్దనుటకు నాకు నోటి చివరివరకు మాట వచ్చినది. “ఎక్కు నాన్నా, నేను ఇక్కడ నిలుచుంటాను” అంటిని. వాడు మూడు మెట్లు పోయి, జాగ్రత్తగా దిగి వచ్చెను.